పిల్లికూతలు

నాలుగో తరగతి బల్ల సొరుగు లాగితే
సుద్దముక్కలు, విరిగిన కొలబద్ద,
తాళం ఎక్కడుందో తెలీని తాళంచెవి,
వాటి వెనక, పేర్లు రాసిన ప్లాస్టర్లు చుట్టుకుని
ఏడు నీలం ఇన్‌హేలర్లు.
నేనీ బడికొచ్చిన కొత్తలో ఒక్కటే ఉండేది.
అదీ పిల్లలది కాదు, హెడ్మాస్టరు గారిది.

జ్ఞానాపురంలో కిటికీ రెక్క
పొద్దున తుడిస్తే గుడ్డ నల్లన.
ప్రార్థన ముగిసి వచ్చేసరికి మళ్ళీ నల్లన.
పోర్టు మీంచి గాలి మళ్ళిన రోజు
ఓడలోంచి ఏం దిగిందో
పిల్లల తెల్ల కాలర్లే చెప్పేస్తాయి.
బొగ్గేనమ్మా, అంటాన్నేను.
"బొగ్గే అయితే, మధురవాడలో పద్నాలుగో అంతస్తులో
అద్దాలు మూసుకుని ఏసీలో పడుకునే
మా మరిది కొడుక్కి ఎందుకొచ్చినట్టు?"
అంటుంది రోజ్లిన్ టీచరు, క్యారేజీ మూత తీస్తూ.

నిజమే, ఎందుకొచ్చినట్టు?
మట్టిలో ఆడనివ్వక అని ఒకరు,
నెలలు నిండకుండా కోసి తీసినందుకని ఒకరు,
సోఫా, పరుపు, బొచ్చుకుక్క, అగరుబత్తి,
మాగాయ ముక్క చప్పరిస్తూ మేం వెతకని మూల లేదు.
గంట కొట్టారు. ఏదీ తేలలేదు.

నూకరత్నం వాళ్ళమ్మకి చెప్పాను:
రాత్రిళ్ళు దోమల చక్రం వెలిగించకండి,
పిల్ల తల దగ్గర అసలే వద్దు.
ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంటూ
"గదొక్కటేనమ్మా మాకు. తల కాడ కాపోతే కాళ్ళ కాడ.
సక్రం ఎట్టకపోతే డెంగీ, ఎడితే ఆయాసం.
ఏది ఒగ్గీమంటావో నువ్వే సెప్పు" అంది.
వెళ్ళి చూశాను ఆ గది.
హుద్‌హుద్ నాడు తడిసిన గోడ
ఇన్నేళ్ళయినా ఒక మూల బూజు పట్టి పచ్చగానే ఉంది,
పిల్ల పక్క ఆ మూలకే.
ఏమీ చెప్పలేక, ఇచ్చిన టీ తాగి వచ్చేశాను.

పెద్దాసుపత్రిలో కుర్ర డాక్టరమ్మ
స్టెతస్కోపు తీసి నా చెవుల్లో పెట్టింది.
నూకరత్నం వీపులో, ఎక్కడో లోపల,
తలుపు సందున తోక పడ్డ పిల్లి.
ఆ గొంతు నేనెరుగుదును.
మా ఇంట్లో ప్రతి చలికాలం, తెల్లవారుజామున
ఆ పిల్లే అరిచేది, మా తమ్ముడు గౌరీసు గుండెలో.
జలుబన్నారు. దిష్టన్నారు.
మెడలో తాయెత్తు, వీపున వేడి ఆముదం.
డ్రిల్లు మాస్టారు బద్ధకిష్టివాడన్నాడు.
పేరు మాత్రం ఎవరూ పెట్టలేదు.
పేరు లేనిది ఏ పట్టీలోకీ ఎక్కదు.
ఇప్పుడు కంచరపాలెంలో పంక్చర్లు వేస్తాడు,
ఇప్పటికీ గోడకి ఆనుకుని, కూర్చునే నిద్రపోతాడు,
అడిగితే "అలవాటే అక్కా" అంటాడు.

ఎందుకు పెరుగుతోందని డాక్టరమ్మనే అడిగాను.
"ఒక్కటని చెప్పలేం మేడమ్.
మొన్నటిదాకా తల్లులే బతిమాలేవారు,
ఉబ్బసమని రాయొద్దు, రేపు పిల్లకి పెళ్ళవదు,
జలుబనే రాయండి అని.
మేమూ రాసేవాళ్ళం" అంది,
కళ్ళు చీటీ మీంచి ఎత్తకుండా.

అప్పుడు లేదనలేను. అప్పుడు రాసుకోలేదు.
అలాగని అంతా రాతలోనే ఉందనీ అనలేను.
ఈ గుడ్డ ఇవాళ కూడా నల్లగానే ఉంది.
ఎనిమిదోది నిన్న వచ్చింది, రెండో బెంచీ మస్తానుది.
ప్లాస్టరు మీద ఇంకా పేరు రాయలేదు నేను.

ఆఖరు పీరియడు, ఆటలు.
నూకరత్నం సొరుగు దగ్గరికొచ్చి రెండుసార్లు పీలుస్తుంది.
ఊపిరి బిగబట్టి వేళ్ళ మీద పది లెక్కపెడుతుంది.
ఏడో ఎక్కం రాని పిల్ల, ఈ పదీ తప్పదు.
తర్వాత పరుగు. గీత దగ్గర వంగి, నేల తాకి,
కూత అందుకుంటుంది,
కబడ్డీ కబడ్డీ కబడ్డీ
తెల్ల చొక్కాల మధ్యలోకి.
నేను కిటికీ దగ్గర, గుడ్డ చేతిలో పట్టుకుని
ఆ కూత ఎక్కడ తెగుతుందోనని
వింటున్నాను.